కాకి వాలింది... సర్వర్ పడుకుంది!

అప్‌డేట్ కొట్టిన రోజు నుంచి ఆఫీసు సర్వర్ నత్తనడక నడుస్తోందా? తిట్టుకునే ముందు, సెట్టింగులన్నీ కెలికేసే ముందు ఒక్కసారి ఇది చదవండి.

మాఘమాసం. పెళ్లిళ్ల సీజన్ మంచి ఊపు మీదుంది. శనివారం రాత్రి పదిన్నరకి ఫోన్ మోగింది. తెనాలిలో ఫొటో స్టూడియో నడిపే మా పెద్దమ్మ కొడుకు.

“ఒరేయ్ తమ్ముడూ, పడుకున్నావా?”

“లేదన్నయ్యా, చెప్పు.”

“మా సర్వర్ చచ్చిందిరా. పొద్దున పదింటికి పెళ్లికూతురు వాళ్ల నాన్న టీజర్ చూడ్డానికి వస్తానన్నాడు. ఫుటేజ్ సర్వర్లోంచి ఎడిటింగ్ సిస్టంలోకి రావాలంటే నాలుగున్నర గంటలు చూపిస్తోంది. ఇంక ఎడిట్ ఎప్పుడు చేసేది?”

సర్వర్ అంటే పెద్ద ఏసీ గదిలో ఉండే బీరువాలాంటిదేం కాదు. టిఫిన్ క్యారియర్ అంత పెట్టె. లోపల నాలుగు హార్డ్‌డిస్కులు. దాన్ని ‘నాస్’ అంటారు. స్టూడియోలో ఉన్న మూడు ఎడిటింగ్ సిస్టంలూ అందులోంచే ఫొటోలూ వీడియోలూ తీసుకుంటాయి, మళ్లీ అందులోనే దాస్తాయి. ఫొటో స్టూడియోలే కాదు, ఆడిటర్ ఆఫీసులు, స్కానింగ్ సెంటర్లు, కాలేజీ ల్యాబులు, డీటీపీ షాపులు చాలాచోట్ల ఇదే ఏర్పాటు. నెట్‌వర్క్‌లో అందరికీ ఉమ్మడి అల్మారా అన్నమాట.

“ఎప్పట్నుంచి ఇలా?” అనడిగా.

“గురువారం నుంచి. మా కుర్రాడు సిస్టంలన్నిటికీ కొత్త వెర్షన్ అప్‌గ్రేడ్ కొట్టాడు. ఆ రోజు నుంచే. వీడి జీతంలో కోస్తానన్నా. సర్వర్ అమ్మినాయనకి ఫోన్ చేస్తే, పెట్టె పాతదైపోయింది, కొత్తది పెట్టించుకోండి, నలభై ఐదు వేలు అంటున్నాడు.”

వెనకాల కుర్రాడి గొంతు వినిపించింది. “అన్నా, నేను అప్‌డేట్ అడిగితే ఓకే కొట్టానంతే. వీడియోలో ఒకతను సెక్యూరిటీ సెట్టింగులు ఆపేస్తే సరిపోద్దని చెప్తున్నాడు. ఆపేయమంటారా?”

“ఆగు ఆగు! ఏమీ ఆపకు. వీడియో కాల్ చెయ్యి.”

డిగ్రీ చదువుకుంటూ సాయంత్రాలు పనిచేసే పంతొమ్మిదేళ్ల కుర్రాడి జీతం, నలభై ఐదు వేల రూపాయలు, ఒక పెళ్లి టీజరు, స్టూడియోలో దాచిన వందలాది కుటుంబాల ఫొటోల భద్రత... ఇవన్నీ ఆ రాత్రి ఒక ప్రశ్న మీద వేలాడుతున్నాయి. నిజంగా తప్పు అప్‌గ్రేడ్‌దేనా?

11 అంకె చెప్పిన రహస్యం

“కాపీ అవుతున్న బాక్సులో స్పీడ్ ఎంత చూపిస్తోంది?”

“సెకనుకి 11 ఎంబీ అన్నా. పెరగట్లేదు, తగ్గట్లేదు. గీత గీసినట్టు అక్కడే ఉంది.”

ఆ ఒక్క మాటతో నాకు సగం అనుమానం తీరింది. ఎందుకో చెప్తా.

నెట్‌వర్క్ స్పీడ్‌ని బిట్లలో చెప్తారు, ఫైళ్ల సైజుని బైట్లలో చెప్తారు. 8 బిట్లు ఒక బైటు. ఇప్పుడు మామూలుగా వాడే గిగాబిట్ నెట్‌వర్క్ స్పీడ్ సెకనుకి 1000 మెగాబిట్లు. 8తో భాగిస్తే 125 మెగాబైట్లు. దారి ఖర్చులన్నీ పోను చేతికి వచ్చేది 110 ఎంబీ పైచిలుకు. అదే పాత తరం 100 మెగాబిట్ల లింక్ అయితే? భాగిస్తే 12.5. చేతికి వచ్చేది 11, మహా అయితే 12.

అంటే కాపీ స్పీడ్ సరిగ్గా 11 దగ్గర మేకు కొట్టినట్టు నిలబడిందంటే, దారిలో ఎక్కడో ఒకచోట గిగాబిట్ లింక్ కాస్తా 100 మెగాబిట్లకి పడిపోయి ఉండాలి. సాఫ్ట్‌వేర్ తేడాలైతే అంకె సాధారణంగా ఇలా కుదురుగా ఉండదు, ఎగుడుదిగుడుగా ఉంటుంది. 180 జీబీ ఫుటేజ్‌ని 11 ఎంబీ చొప్పున లాగితే నాలుగున్నర గంటలు. 110 చొప్పున లాగితే అరగంట కూడా పట్టదు. లెక్క సరిపోయింది.

“ముందు ఎంత స్పీడ్ వచ్చేది?” అనడిగా.

“ఫాస్ట్‌గానే వచ్చేదిరా” అన్నాడు అన్నయ్య.

“ఎంత ఫాస్ట్‌గా?”

“...బానే వచ్చేది.”

ఇదీ మనందరి సమస్య. ఒంట్లో బాగున్నప్పుడు బీపీ చూపించుకోం. జ్వరం వచ్చాక, మామూలుగా మీ బీపీ ఎంత అని డాక్టర్ అడిగితే నోరెళ్లబెడతాం.

సగానికి సగం కొట్టేయడం

ఇలాంటి చోట మెకానిక్కులు వాడే పద్ధతి ఒకటుంది. అనుమానితుల్లో సగం మందిని ఒక్క పరీక్షతో కొట్టేయడం. సర్వర్ నుంచి ఫైల్ రావాలంటే దారిలో ఏమేం ఉన్నాయి? సర్వర్ డిస్కు, సర్వర్ ప్రాసెసర్, సర్వర్ కేబుల్, మధ్యలో స్విచ్, సిస్టం కేబుల్, సిస్టం నెట్‌వర్క్ డ్రైవరు, సిస్టం డిస్కు. ఏడుగురు అనుమానితులు.

“సర్వర్ సంగతి వదిలెయ్. ఒకటో సిస్టంలోంచి రెండో సిస్టంలోకి ఒక పెద్ద వీడియో ఫైల్ కాపీ కొట్టు. ఒకటే పెద్ద ఫైలు, ఫోల్డర్ వద్దు.”

పెద్ద ఫైలే ఎందుకంటే, చిన్న ఫైళ్లు వేలల్లో ఉంటే ఒక్కోదానికీ ‘తెరువు, వివరాలు చెప్పు, మూసెయ్’ అని సర్వర్‌తో మాటామంతీ జరగాలి. యాంటీవైరస్ ఒక్కోదాన్నీ తడిమి చూడాలి. 5,000 ఫొటోల ఫోల్డర్ ఆరోగ్యంగా ఉన్న నెట్‌వర్క్ మీద కూడా నెమ్మదిగానే వెళుతుంది. కొలతకి అది పనికిరాదు.

“అన్నా, 110 వస్తోంది!”

ఒక్క దెబ్బతో రెండు సిస్టంలు, వాటి డిస్కులు, వాటి డ్రైవర్లు, వాటి కేబుళ్లు, స్విచ్ అన్నీ నిర్దోషులుగా బయటపడ్డాయి. అన్నిటికీ గురువారమే అప్‌గ్రేడ్ అయింది, అయినా వాటి మధ్య స్పీడ్ దివ్యంగా ఉంది. మిగిలింది సర్వర్ వైపు.

“ఇప్పుడు ఫోన్ స్విచ్ దగ్గరికి తీసుకెళ్లు. సర్వర్ కేబుల్ ఎక్కడ గుచ్చారో అక్కడి లైటు చూపించు.”

మిగతా లైట్లన్నీ ఆకుపచ్చ. అదొక్కటే నారింజ రంగు. చాలా స్విచ్‌లలో లింక్ స్పీడ్‌ని బట్టి లైటు రంగు మారుతుంది. ఏ రంగుకి ఏ అర్థం అనేది మోడల్‌ని బట్టి ఉంటుంది గానీ, పదిమందిలో ఒక్కడు వేరే రంగు చొక్కా వేసుకుంటే అనుమానించాల్సిందే.

“ఆ కేబుల్ పట్టుకుని సర్వర్ దాకా వెళ్లు.”

కెమెరా ఊగుతూ వెళ్లింది. సోఫా వెనక్కి. అక్కడ... సోఫా కాలి కింద నలిగిపోయి ఉంది కేబుల్.

“గురువారం పొద్దున ఊడ్పించాను కదరా. సోఫా జరిపాం” అన్నాడు అన్నయ్య, గొంతు తగ్గించి.

నెట్‌వర్క్ కేబుల్లో ఎనిమిది సన్నటి తీగలు నాలుగు జతలుగా మెలివేసి ఉంటాయి. 100 మెగాబిట్లకి రెండు జతలు చాలు. గిగాబిట్‌కి మాత్రం నాలుగు జతలూ కావాలి. ఒక్క తీగ తెగినా చాలా పరికరాలు “సరే, ఉన్నవాటితో సర్దుకుందాం” అనుకుని 100కి దిగిపోతాయి. ఎర్రర్ మెసేజ్ రాదు. నెట్‌వర్క్ పనిచేస్తూనే ఉంటుంది, ఒంటికాలి మీద.

తాటిచెట్టు మీద కాకి వాలింది, అదే క్షణంలో తాటిపండు రాలింది. కాకి వల్లే రాలిందని అందరూ అన్నారు. మనవాళ్లు దీనికి పేరే పెట్టారు, కాకతాళీయం అని. అప్‌గ్రేడ్ గురువారం, సోఫా జరిపింది గురువారం. నింద మాత్రం అప్‌గ్రేడ్ కొట్టిన కుర్రాడి మీద.

కథ అయిపోలేదు

బీరువాలో ఉన్న కొత్త కేబుల్ తీసి మార్చారు. లైటు ఆకుపచ్చ అయింది. స్టూడియోలో చప్పట్లు. మళ్లీ కాపీ మొదలెట్టారు.

“64 వస్తోంది అన్నా.”

11 కంటే ఆరు రెట్లు బెటర్. 180 జీబీ ముప్పావుగంటలో వచ్చేస్తుంది. అన్నయ్యకి అది చాలు. కానీ సిస్టంల మధ్య 110 వస్తున్నప్పుడు, సర్వర్ నుంచి 64 మాత్రమే ఎందుకొస్తోంది?

ఫుటేజ్ కాపీ అయ్యేదాకా ఆగాం. ఈలోపు ఒక ఐడియా వచ్చింది. “అప్‌గ్రేడ్ చెయ్యని కంప్యూటర్ ఏదైనా ఉందా అక్కడ?”

ఉంది. రిసెప్షన్లో బిల్లులు కొట్టే ముసలి ల్యాప్‌టాప్. కొత్త వెర్షన్ దానికి ఎక్కదని వదిలేశారు. కాపీ అవ్వగానే, ఎడిటింగ్ సిస్టంకి ఉన్న కేబుల్ పీకి ఆ ల్యాప్‌టాప్‌కి పెట్టించా. అదే కేబుల్, అదే స్విచ్, అదే సర్వర్, అదే ఫైలు. మార్చింది ఒక్కటే, కంప్యూటరు.

“105 అన్నా! ముసల్ది ఇరగదీస్తోంది!”

ఇప్పుడు నిజంగానే అప్‌గ్రేడ్ వైపు వేలు చూపించొచ్చు. అంటే ఆ రోజు రాలినవి రెండు పండ్లు. ఒకటి సోఫా వల్ల, ఒకటి నిజంగానే కాకి వల్ల. సర్వర్ పెట్టె సెట్టింగుల పేజీని బ్రౌజర్లో తెరిచి, కొత్త సిస్టంలోంచి కాపీ నడుస్తుండగా ప్రాసెసర్ మీటర్ చూడమన్నా. 98 శాతం! ముసలి ల్యాప్‌టాప్‌తో కాపీ చేస్తున్నప్పుడు అంత లేదు. కొత్త సిస్టంలు సర్వర్ చేత ఏదో అదనపు చాకిరీ చేయిస్తున్నాయన్నమాట. ఆ చాకిరీ పేరు సైనింగ్.

ప్రతి కవరు మీదా లక్క ముద్ర

విండోస్ కంప్యూటర్లు నెట్‌వర్క్‌లో ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునే భాష పేరు ఎస్‌ఎంబీ. ఒక వీడియోని పంపాలంటే దాన్ని ముక్కలు ముక్కలుగా కవర్లలో పెట్టి పంపినట్టు పంపుతుంది. సైనింగ్ ఆన్‌లో ఉంటే ప్రతి కవరు మీదా లక్క ముద్ర లాంటిది పడుతుంది. అందుకున్న కంప్యూటర్ ముద్ర సరిచూసుకుంటుంది. దారిలో ఎవడైనా కవరు విప్పి లోపల మార్చేస్తే, లేదా సర్వర్‌లా వేషం వేసి మోసం చెయ్యబోతే ముద్ర కలవదు, దొరికిపోతాడు. గమనించండి, ఇది ఉత్తరాన్ని దాచదు. అది ఎన్‌క్రిప్షన్ పని. సైనింగ్ మార్పులు జరగకుండా కాపాడుతుంది, అంతే.

మంచిదే కదా? మంచిదే. కానీ ప్రతి ముద్రకీ కొంచెం లెక్క చెయ్యాలి. కొత్త కంప్యూటర్లకి అది లెక్కే కాదు, అందుకే సిస్టంల మధ్య 110 వచ్చింది. ఏళ్ల నాటి చిన్న నాస్ పెట్టెకి మాత్రం, సీజన్లో పోస్టాఫీసులో ఒకే ఒక్క గుమాస్తా కూర్చున్నట్టు ఉంటుంది. క్యూ పెరిగిపోతుంది.

ఈ సైనింగ్ కొత్తగా కనిపెట్టిందేం కాదు, దశాబ్దాల నుంచి ఉంది. మారింది ఏమిటంటే, 2024 అక్టోబర్ 1న విడుదలైన విండోస్ 11 24హెచ్2 వెర్షన్లో ప్రో, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ రకాలకి దీన్ని డీఫాల్ట్‌గా తప్పనిసరి చేశారు. అంతకుముందు అవతలివాళ్లు అడిగితేనే. సైనింగ్ వల్ల కాపీ వేగం తగ్గొచ్చని మైక్రోసాఫ్టే తన పత్రాల్లో రాసింది. పైగా పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా సర్వర్లోకి దూరే పద్ధతిని కూడా ప్రో వెర్షన్లో మూసేసింది. అప్‌గ్రేడ్ తర్వాత కొందరికి సర్వర్ నెమ్మదించడం కాదు, అసలు తెరుచుకోకపోవడానికి అదొక కారణం. విండోస్ 10కి ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగియడంతో చిన్న చిన్న ఆఫీసులన్నీ కొత్త వెర్షన్‌కి మారక తప్పలేదు. ఆ దారిలోనే ఇలాంటి ఫోన్లూ మొదలయ్యాయి.

ఇది ఇప్పటి గొడవ కాదు

అప్‌గ్రేడ్ చేస్తే నెట్‌వర్క్ నెమ్మదించడం అనే కథకి పాత ఎపిసోడ్లు బోలెడున్నాయి.

2007లో విండోస్ విస్టా వాడేవాళ్లు ఒక వింత గమనించారు. పాట పెట్టుకుంటే నెట్‌వర్క్ కాపీ స్పీడ్ పడిపోతోంది, పాట ఆపితే పెరుగుతోంది! దెయ్యం కాదు. పాట తెగకుండా వినిపించాలని, మీడియా నడుస్తున్నప్పుడు నెట్‌వర్క్ ప్యాకెట్లని మిల్లీసెకనుకి 10కి మించకుండా కట్టడి చేశారు. సెకనుకి పదివేల ప్యాకెట్లు, అంటే దాదాపు 15 ఎంబీ. 100 మెగాబిట్ల నెట్‌వర్క్ ఎలాగూ 12 దాటదు కాబట్టి అక్కడ ఎవరికీ తెలియలేదు. గిగాబిట్ పెట్టుకున్నవాళ్లకే దెబ్బ తగిలింది. మైక్రోసాఫ్ట్ ఇంజినీరు మార్క్ రసినోవిచ్ అప్పట్లో దీన్ని విడమరిచి రాశాడు.

2022లో విండోస్ 11 22హెచ్2 వచ్చినప్పుడు, వేరే కంప్యూటర్ నుంచి పెద్ద ఫైళ్లు దింపుకుంటే వేగం 40 శాతం దాకా తగ్గొచ్చని మైక్రోసాఫ్టే ఒప్పుకుంది. అప్పటికి చెప్పిన చిట్కా, మామూలు కాపీ పేస్ట్ బదులు రోబోకాపీ అనే కమాండ్‌ని ‘స్లాష్ జె’ తో వాడమని. అలా చేస్తే మధ్యలో మెమరీ గోదాములో దించకుండా ఫైల్ నేరుగా వెళుతుంది.

యాపిల్ వాళ్లదీ అదే దారి. 2016లో 10.11.5 వెర్షన్‌తో మ్యాక్‌లలో ఎస్‌ఎంబీ సైనింగ్ డీఫాల్ట్‌గా ఆన్ అయింది. సర్వర్లు నెమ్మదించాయని ఫిర్యాదులొచ్చాయి. దాన్ని ఎలా ఆపుకోవాలో యాపిలే రాసి పెట్టింది. 10.13.4 నుంచి డీఫాల్ట్‌గా ఆఫ్ చేసేసింది.

ఒకరు ఆన్ చేస్తారు, ఒకరు ఆఫ్ చేస్తారు. వేగానికీ భద్రతకీ మధ్య ఈ తాడాట ఎప్పుడూ ఉండేదే.

మరి ఆపేద్దామా?

కుర్రాడు మళ్లీ అదే అడిగాడు. “అన్నా, సైనింగ్ ఆపేస్తే 105 వస్తది కదా. ఆ వీడియోలో ఎస్‌ఎంబీ1 కూడా ఆన్ చెయ్యమన్నాడు.”

ఇక్కడే అసలు ప్రమాదం. స్పీడ్ కోసం వెతికే కంగారులో, తలుపులన్నీ తీసిపెట్టుకుంటాం.

ఎస్‌ఎంబీ1 అనేది ఆ భాష తాలూకు పాతకాలపు రూపం. 2017 మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచాన్ని చుట్టేసింది గుర్తుందా? ఫైళ్లన్నిటికీ తాళం వేసి డబ్బులడిగే వైరస్. అది ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకింది ఈ ఎస్‌ఎంబీ1లోని కన్నం గుండానే. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా అప్పుడు దాని బారిన పడ్డాయి. ఆ కన్నం పూడ్చే అప్‌డేట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది. వేసుకోనివాళ్లు దెబ్బతిన్నారు. కాబట్టి ఎస్‌ఎంబీ1 ఆన్ చెయ్యడం అనే మాట ఎక్కడ విన్నా ఆ వీడియో మూసెయ్యండి.

సైనింగ్ ఆపడం అంత ఘోరం కాదు గానీ, ఆలోచించి చెయ్యాల్సిన పని. నేనొక ప్రశ్న అడిగా.

“స్టూడియోలో కస్టమర్లకి వైఫై ఇస్తారా?”

“ఇస్తాంరా. గోడ మీద పాస్‌వర్డ్ రాసి పెట్టాంగా, ఆల్బం సెలెక్షన్‌కి గంటలు గంటలు కూర్చుంటారని.”

“సర్వర్ కూడా అదే నెట్‌వర్క్‌లో ఉందా?”

కాసేపు మౌనం. “...అదే రౌటర్ కదా మరి.”

అంటే ఆ గోడ మీద పాస్‌వర్డ్ చూసిన ఎవరి ఫోనైనా, ఎవరి ల్యాప్‌టాపైనా సర్వర్ ఉన్న వీధిలోనే తిరుగుతోంది. అలాంటి వీధిలో లక్క ముద్ర తీసేస్తామంటే ఎలా? ఆడపిల్లల పెళ్లి ఫొటోలున్న సర్వర్ అది.

ఆ రాత్రికి ఏమీ మార్చవద్దన్నా. ఫుటేజ్ వచ్చేసింది కదా, ఎడిట్ చేసుకోండి అని చెప్పి పడుకున్నా. అర్ధరాత్రి, డెడ్‌లైన్ నెత్తిమీద ఉండగా సర్వర్ సెట్టింగుల్లో చెయ్యి పెట్టడం అంటే, పీటల మీద పెళ్లికొడుక్కి గుండు గీయించడమే.

సోమవారం తీరిగ్గా చేసిన పనులు

ముందు సర్వర్లో ఉన్నదంతా ఒక బయటి హార్డ్‌డిస్కులోకి బ్యాకప్. ఇది లేకుండా తర్వాతి అడుగు వెయ్యలేదు.

రెండు, రౌటర్లో గెస్ట్ వైఫై ఆన్ చేశాం. కస్టమర్లు అందులోకి. సర్వర్, సిస్టంలు వేరే. గోడ మీద కాగితం మార్చాం.

మూడు, నాస్ పెట్టెకి కంపెనీ ఇచ్చిన కొత్త ఫర్మ్‌వేర్ వేశాం. అన్నాళ్లలో ఒక్కసారి కూడా వెయ్యలేదు దానికి! సిస్టంలకి అప్‌డేట్లు వేసి, సర్వర్‌ని మర్చిపోవడం అందరూ చేసే తప్పే.

నాలుగు, అసలు కిటుకు. నాస్ సెట్టింగుల్లో ఎస్‌ఎంబీ గరిష్ఠ వెర్షన్ ‘2’ అని ఉంది. ఎప్పుడో పెట్టింది అలాగే ఉండిపోయింది. దాన్ని ‘3’ చేశాం. ఎందుకంటే ఎస్‌ఎంబీ2లో ముద్ర వెయ్యడానికి వాడే లెక్క పద్ధతి బరువైనది. ఎస్‌ఎంబీ3లో ఏఈఎస్ మీద నడిచే తేలికైన పద్ధతి వచ్చింది. చాలా ప్రాసెసర్లలో ఏఈఎస్ లెక్కలకి ప్రత్యేక ఏర్పాటు ఉంటుంది. అంటే అదే గుమాస్తాకి చేతిముద్ర బదులు మెషీన్ ఇచ్చినట్టు.

“ఎంతొస్తోంది?”

“95 అన్నా!”

సైనింగ్ ఆన్‌లోనే ఉంది. ఎస్‌ఎంబీ1 ఆఫ్‌లోనే ఉంది. నలభై ఐదు వేలు జేబులోనే ఉన్నాయి. మొత్తం ఖర్చు ఒక కేబులు. అదీ బీరువాలో ఉన్నదే.

ఒకవేళ మీ పెట్టె మరీ పాతదై, ఎస్‌ఎంబీ3 అసలు రాకపోతే? అప్పుడు రెండే దారులు. నెమ్మదిని భరించడం, లేదా పెట్టె మార్చడం. బయటివాళ్లెవరూ రాని, విడిగా కట్టిన చిన్న నెట్‌వర్క్ అయితే సైనింగ్ ఆపడం గురించి ఆలోచించొచ్చు, అది కూడా తాత్కాలికంగా, తెలిసినవాళ్లతో మాట్లాడాకే.

మీ దగ్గర ఇలా జరిగితే...

ఈ వరసలో వెళ్లండి. ఫోన్లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఎప్పటికైనా పనికొస్తుంది.

1. ఒక రోజు ఆగండి. అప్‌గ్రేడ్ అయ్యాక కంప్యూటర్ వెనకాల ఫైళ్ల జాబితా మళ్లీ తయారుచేసుకుంటుంది, యాంటీవైరస్ స్కాన్ చేస్తుంది. మర్నాటికి కొన్ని జబ్బులు వాటంతటవే తగ్గుతాయి.

2. ఏది నెమ్మదో తేల్చుకోండి. ఫోల్డర్ తెరుచుకోడానికి పది సెకన్లు పట్టి, కాపీ మాత్రం జోరుగా వెళితే అది పేరు వెతుక్కోవడంలో వచ్చిన చిక్కు కావచ్చు. సర్వర్‌ని పేరుతో కాకుండా ఐపీ అడ్రస్‌తో తెరిచి చూడండి. తేడా కనిపిస్తే అదే. కాపీయే నెమ్మదైతే కింది మెట్లు ఎక్కండి.

3. ఒకే పెద్ద ఫైల్‌తో కొలవండి. 110 దరిదాపుల్లో వస్తే గిగాబిట్ ఆరోగ్యంగా ఉన్నట్టు. 11 లేదా 12 దగ్గర నిలబడితే కేబులు, స్విచ్ పోర్టు చూడండి. ఎగిరెగిరి పడుతుంటే, కేబుల్ పెట్టి ఉండగా కూడా ల్యాప్‌టాప్ వైఫై మీద నడుస్తోందేమో చూడండి.

4. నెట్‌వర్క్‌నీ డిస్కునీ విడదీయండి. ఐపెర్ఫ్3 అనే ఉచిత టూల్ డిస్కుతో సంబంధం లేకుండా వట్టి నెట్‌వర్క్ వేగాన్ని కొలుస్తుంది. గిగాబిట్ మీద 940 మెగాబిట్ల దగ్గర చూపిస్తే దారి శుభ్రంగా ఉన్నట్టు.

5. డ్రైవర్ చూడండి. అప్‌గ్రేడ్ సమయంలో కంపెనీ ఇచ్చిన నెట్‌వర్క్ డ్రైవర్ పోయి మామూలు డ్రైవర్ వచ్చి కూర్చోవచ్చు. కంప్యూటర్ తయారీదారు సైట్ నుంచి సరైనది వేసుకోండి.

6. అప్‌గ్రేడ్ అవ్వని కంప్యూటర్‌తో పోల్చండి. అదే కేబుల్, అదే ఫైల్. ఈ ఒక్క పరీక్ష చెయ్యకుండా అప్‌గ్రేడ్‌ని నిందించొద్దు.

7. సర్వర్ ప్రాసెసర్ మీటర్ చూడండి. కాపీ జరుగుతుండగా అది నూరు దగ్గర ఊపిరాడక ఉంటే సైనింగ్, ఎస్‌ఎంబీ వెర్షన్, ఫర్మ్‌వేర్ సంగతి చూడండి.

8. ఒకసారికి ఒకటే మార్చండి. మార్చేముందు పాత సెట్టింగ్ ఫోన్లో ఫొటో తీసుకోండి. నాలుగు ఒకేసారి మారిస్తే, బాగైనా ఎందుకు బాగైందో తెలీదు.

అన్నిటికంటే ముఖ్యమైనది, అంతా బాగున్నప్పుడే కొలిచి రాసి పెట్టుకోండి. రెండు నిమిషాల పని.

మొన్న తెనాలి వెళ్లినప్పుడు స్టూడియోకి వెళ్లా. టీజర్ ఆ ఆదివారం పది గంటలకల్లా పెళ్లికూతురి నాన్నకి చూపించారట. కుర్రాడి జీతం కోత లేకుండా చేతికొచ్చింది. పైగా అన్నయ్య అతని పేరు ముందు ‘మా ఐటీ మేనేజర్’ అని తగిలించి పరిచయం చేస్తున్నాడు.

సర్వర్ పెట్టె మీద తెల్ల కాగితం అంటించి ఉంది. కుర్రాడి చేతిరాత. తేదీ, పెద్ద ఫైల్, 95 ఎంబీ అని. దాని కింద ఎర్ర స్కెచ్ పెన్నుతో ఇంకో లైను.

“సోఫా జరిపే ముందు నన్ను పిలవండి.”